మీ జాబితాల్లో ఉన్న ఇళ్లకు ఒక మనిషిని పంపండి

(ఉమ్మడి వరంగల్‌లోని ఆరు జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ)

గౌరవనీయులైన హనుమకొండ, వరంగల్, మహబూబాబాద్, జనగామ, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల కలెక్టర్లకు నమస్కారం.

నేను వ్యవసాయ శాఖలో పనిచేసి విరమణ పొందినవాడిని. ఉద్యోగమంతా ఉమ్మడి వరంగల్ మండలాల్లోనే గడిచింది. ఈ లేఖ విత్తనాల కోసమో ఎరువుల కోసమో కాదు. రేపు ఏమవుతుందో తెలియక మనసు చెదిరి కూర్చున్న మనుషుల గురించి, వాళ్లను చూస్తూ ఏం చేయాలో తోచని ఇంటివాళ్ల గురించి. ఇది వైద్యారోగ్య శాఖ వ్యవహారం కదా, మధ్యలో వ్యవసాయం ఆయనకు ఏం పని అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. రైతు ప్రాణం తీసుకున్న ఇంటికి ప్రభుత్వం తరఫున వెళ్లేవాళ్లలో వ్యవసాయ అధికారి ఒకడు. అంతకు ముందు వెళ్లవలసిన పని మాత్రం ఏ శాఖకూ లేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే, మిగతాదంతా దీనికి వివరణ.

రైతు ఆత్మహత్యల విచారణ, పరిహారాల మీద 2004 జూన్‌లో వచ్చిన 421వ నంబరు జీవో, పరిహారాన్ని 6 లక్షలకు పెంచుతూ 2015 సెప్టెంబరులో వచ్చిన 194వ నంబరు జీవో మీకు తెలిసినవే. రైతు ఆత్మహత్య అని సమాచారం అందితే మండలంలో తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయ అధికారి, ఆ పైన డివిజన్‌లో ఆర్డీవో, డీఎస్పీ, సహాయ వ్యవసాయ సంచాలకుడు విచారించాలి. ఆ విచారణను దగ్గరగా చూసినవాడిని. పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వాకిట్లో వేస్తారు. ఇంకా దినాలు కూడా కాని ఇల్లు. పాసుపుస్తకం, ఎఫ్ఐఆర్ నకలు, పంచనామా, శవపరీక్ష నివేదిక, బ్యాంకు అప్పు పత్రం, బయటి అప్పుకు ప్రామిసరీ నోటు, ఒక్కొక్కటే అడుగుతారు. అప్పిచ్చిన సేటు నోటు బయటపెట్టడు, పెడితే వడ్డీ లెక్క బయటపడుతుంది. నోటు లేకపోతే అప్పు లేదు, అప్పు లేకపోతే అది రైతు ఆత్మహత్య కాదు. భర్త పోయిన మనిషిని ఊరందరి ముందూ అడుగుతారు, తాగేవాడా అని, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని. ఏ జవాబు చెబితే ఏం పోతుందోనని ఆమె అందరి మొహాలూ చూస్తుంది. ఇంటర్ చదివే కొడుకు జిరాక్సుల కవరు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడతాడు. అడిగిన కాగితం తీసి ఇస్తాడు, తిరిగి తీసుకుని కవర్లో పెడతాడు. ఒక ఊళ్లో అలాంటి పిల్లవాడు తండ్రి శవపరీక్ష నివేదికను తీసి ఇచ్చిన ప్రతిసారీ, ఇచ్చే ముందు పైనుంచి కిందికి చదవడం చూశాను.

ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. ఆ పిల్లవాడు రాత్రిళ్లు నిద్రపోతున్నాడా అని అడగడానికి ఫారంలో గడి లేదు.

2018 ఆగస్టులో రైతుబీమా వచ్చాక ఈ బాధ చాలావరకు తగ్గింది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు వస్తాయి కాబట్టి చావుకు రుజువులు వెతికే పని తప్పింది. మంచి పథకమని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. అయితే కౌలు రైతుకు పాసుపుస్తకం ఉండదు, అతని ఇంటికి పాత విచారణే గతి. పాత పద్ధతిలోనైనా కొత్త పద్ధతిలోనైనా ప్రభుత్వం ఆ గడప తొక్కేది మనిషి పోయిన తర్వాతే.

ఈ ప్రాంతానికి రేపటి మీద నమ్మకం లేకపోవడం కొత్త కాదు. 1997-98లో లద్దె పురుగు పత్తిని తినేసిన ఏడాది దేశం నలుమూలల నుంచీ విలేకరులు వరంగల్‌కే వచ్చారు. 2002లో బీటీ పత్తి వచ్చింది, పురుగు మారింది, అప్పు మారలేదు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వారపు కిస్తీల ఒత్తిడికి ఆడవాళ్ల ప్రాణాలు పోతుంటే అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2021లో తామర పురుగు మిరప పూతను రాల్చేసినప్పుడు ఎకరాకు లక్షకు పైగా పెట్టుబడి పెట్టినవాళ్లు కాయ లేని తోటల్లో నిలబడ్డారు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానకు భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచేసింది, జనం ఇళ్ల కప్పులెక్కి హెలికాప్టర్ల కోసం ఎదురుచూశారు. ప్రతిసారీ పంటకు లెక్క ఉంది, పశువుకు లెక్క ఉంది, కూలిన గోడకు లెక్క ఉంది. మబ్బు పడితే చాలు వణికిపోయే పిల్లలకు, ఆ పిల్లలను పట్టుకుని తెల్లవార్లూ కూర్చునే తల్లులకు లెక్క లేదు.

రంది పెట్టుకున్న మనిషి దవాఖానకు వెళ్లి నా మనసు బాగాలేదని చెప్పడు. మగవాడైతే ముందు మాట తగ్గుతుంది. హోటల్ దగ్గర చాయ్ తాగడానికి వెళ్లడం మానేస్తాడు, అక్కడ అప్పులవాళ్లు ఎదురవుతారు కాబట్టి. పొలానికి వెళ్లి గట్టు మీద కూర్చుని వచ్చేస్తాడు. కొందరు బెల్టు షాపు దారి పడతారు, ఆపై జరిగేదానికంతా ఊరు తాగుడే కారణమని తేల్చేస్తుంది. తాగుడు ఎందుకు మొదలైందని ఎవరూ అడగరు. ఆడవాళ్లలోనైతే అది ఒళ్లు నొప్పులుగా, గుండె దడగా, అరికాళ్ల మంటగా, తలభారంగా బయటికి వస్తుంది. ఆర్ఎంపీ ఒక సెలైన్ ఎక్కించి, ఒక సూది వేసి పంపిస్తాడు. కొంత ఊరట కలుగుతుంది, మంచంలో పడుకోబెట్టి ఒక మనిషి తన బాధ విన్నాడు కదా. మళ్లీ వారానికి అదే నొప్పి, అదే సెలైన్. అప్పుల మీద ఇంకో అప్పు.

ఇంట్లో ఒకరు అలా అయితే మిగతావాళ్లు ఎలా బతుకుతారో మీ నివేదికల్లో ఉండదు. రాత్రి భర్త లేచి బయటికి వెళ్తే, తిరిగి వచ్చే చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకునే ఆడవాళ్లు నాకు తెలుసు. ఒకామె ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ మూటగట్టి తమ్ముడి చేత పుట్టింటికి పంపించేసింది. పొలానికి కావాలని భర్త అడిగితే అయిపోయాయని చెప్పింది. మందు కొట్టవలసిన రోజున తమ్ముడే తెచ్చి, దగ్గరుండి కొట్టించి, మిగిలింది వెంట తీసుకుపోయేవాడు. ఆ ఇంటికి అందిన మానసిక వైద్యం అదొక్కటే. ఆమెకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. చేతికి అందకుండా ఉంటే ఆ చెడ్డ గడియ గడిచిపోతుందని, ఎక్కువమంది విషయంలో అది నిజంగానే గడిచిపోతుందని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నదీ అదే. ఆమె చేసిన పని ఊళ్లో ఎవరికీ తెలియదు, తెలియనివ్వదు. ఆడపిల్ల పెళ్లికి ఉంది.

ఇక సాయం సంగతి. 2022 అక్టోబరు 10న కేంద్రం టెలీమానస్ అనే మానసిక సాయం ఫోన్ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బాధపడుతున్న మనిషే చేయాలని లేదు, ఇంటివాళ్లూ చేయవచ్చు. ఈ లేఖ చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఇప్పుడే ఆ అవసరం ఉంటే చదవడం ఆపి ఆ నంబరుకు చేయండి, మిగతాది కలెక్టర్లు చదువుకుంటారు.

నంబరు మంచిదే. కానీ ఫోను ఎవరి జేబులో ఉందో చూడాలి. చాలా ఇళ్లలో ఉన్నది ఒక్క గది, మాట్లాడితే అత్తకు వినిపిస్తుంది, పిల్లలకు వినిపిస్తుంది. ఏటూరునాగారం పైన కొన్ని గూడేల్లో సిగ్నల్ కోసం చెట్టెక్కే పరిస్థితి. అన్నిటికీ మించి, నిరాశలో మునిగిన మనిషికి సాయం అడిగే ఓపికే ముందుగా పోతుంది. ఆరోగ్య కేంద్రం గోడ మీద అంటించిన కాగితం చూసి అతనే ఫోన్ చేస్తాడనుకోవడం, కాలు విరిగినవాణ్ని నడిచొచ్చి కట్టు కట్టించుకోమనడమే.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది, జిల్లా కార్యక్రమం 1996లో. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో పెద్ద సర్వే జరిగింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. రైతుల చావులతో దేశానికి తెలిసిన ప్రాంతం, మనసును కొలవడానికి వచ్చినప్పుడు లెక్కలోకి రాలేదు.

అందుకే నేను మిమ్మల్ని కొత్త సర్వే అడగడం లేదు. మీ దగ్గర జాబితాలున్నాయి. పంట 33 శాతానికి మించి నష్టపోయిన రైతుల జాబితా ఏఈవో, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి, తయారుచేస్తాడు, సర్వే నంబరు, విస్తీర్ణం, ఫోన్ నంబరు సహా. కిస్తీలు ఆగిపోయిన మహిళా సంఘాల జాబితా గ్రామ సమాఖ్య దగ్గర ఉంటుంది. ఇల్లు కూలిన కుటుంబాల జాబితా తహసీల్దారు దగ్గర ఉంటుంది. ఇంటర్ తప్పిన పిల్లల జాబితా కళాశాల ప్రిన్సిపాల్ బల్ల మీద ఉంటుంది. జగిత్యాల, సిరిసిల్లల్లో ఉన్నంతగా కాకపోయినా మన వైపు నుంచీ గల్ఫ్‌కు వెళ్లినవాళ్లున్నారు. అక్కడ చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది, ఆ దరఖాస్తులు మీ కలెక్టరేట్‌కే వస్తాయి. ఏ గడపలో రంది ఉందో ప్రభుత్వానికి ముందే తెలుసు. ఆ తెలివిడిని డబ్బు లెక్కకే వాడుతోంది.

ఈ జాబితాల్లోని ప్రతి ఇంటికీ, పరిహారం మంజూరైనా కాకపోయినా, జాబితా ఖరారైన 15 రోజుల్లోపు ఒక మనిషి వెళ్లి అరగంట కూర్చోవాలి. అవసరమనిపిస్తే మళ్లీ వెళ్లాలి. నా కోరిక ఇంతే.

జాబితాకెక్కని వాళ్లూ ఉన్నారని నాకు తెలుసు. హనుమకొండలో నక్కలగుట్ట నుంచి విశ్వవిద్యాలయం రోడ్డు దాకా స్టడీ హాళ్లలో కూర్చున్న పిల్లలను చూడండి. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాశారు, ప్రశ్నపత్రం లీకై 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్‌లో ముచ్చటగా మూడోసారి రాశారు. ఆ మధ్యలో తమ్ముళ్ల పెళ్లిళ్లయ్యాయి, తండ్రులు కౌలుకు తీసుకున్న ఎకరాలు పెరిగాయి. ఎప్పుడట, ఎప్పుడట అని అన్నం దగ్గర అడిగే ప్రశ్నకు భయపడి దసరాకు కూడా ఊరికి రాని కొడుకులున్నారు. రాకపోతే బాగా చదువుతున్నాడని తల్లి నమ్ముతుంది. ఇంకో కొసన, పిల్లలు అమెరికాలో ఉండి అపార్టుమెంట్లలో ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులున్నారు, వీసా వార్త వచ్చిన రోజు టీవీ ముందు నుంచి లేవరు. వీళ్లకు ఏ శాఖ దగ్గరా జాబితా లేదు. ముందు ఉన్న జాబితాలతో మొదలుపెడదాం.

ఎవరు వెళ్లాలి? మానసిక వైద్యుడు అక్కర్లేదు. అంతమంది వైద్యులు రాష్ట్రంలోనే లేరు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మానసిక వైద్యం చదవని స్థానికులకు శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ తీవ్రంగా ఉన్నవాళ్లతో 6 నుంచి 8 విడతలు మాట్లాడించారు. మామూలు చికిత్స ఒక్కటే అందినవాళ్ల కన్నా వాళ్లు ఎక్కువగా కోలుకున్నారని లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. జింబాబ్వేలో 2006 నుంచి ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బెంచీలు వేసి, శిక్షణ పొందిన అమ్మమ్మలు కూర్చుని వింటున్నారు. మన ఊళ్లలో అలా వినగల మనుషులు లేరా? రిటైరైన ఉపాధ్యాయులున్నారు, సంఘాల్లో పెద్దరికం ఉన్న ఆడవాళ్లున్నారు, ఊరి గుట్టు కడుపులో పెట్టుకునే అంగన్‌వాడీ టీచర్లున్నారు.

ఆశా కార్యకర్త పేరు వెంటనే మీ నోట వస్తుందని తెలుసు. స్థిర వేతనం కోసం రోడ్డెక్కుతున్న మనిషి నెత్తిన ఇంకో పని ఊరికే పెట్టడం అన్యాయం. ఆమెను పంపితే ఇంటికి ఇంత అని డబ్బు ఇవ్వండి, నెలనెలా ఇవ్వండి. లేదంటే వేరే మనిషిని చూడండి.

వెళ్లిన మనిషి ఏం అడగాలన్నది పెద్ద శాస్త్రమేమీ కాదు గానీ, నేర్పవలసిన సంగతే. నిద్ర పడుతోందా, అన్నం తింటున్నారా, ఇంట్లో ఎవరితో మాట్లాడుతున్నారు, అప్పు సంగతి భార్యకు తెలుసా. ఈ చివరి ప్రశ్న ముఖ్యం. అప్పు అసలు మొత్తం ఎంతో భర్త పోయిన తర్వాతే తెలుసుకున్న ఆడవాళ్లను చాలామందిని చూశాను. ఒక్కడే మోస్తున్న లెక్కను ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద రాసుకోవడానికి మూడో మనిషి పక్కన కూర్చోవలసిన ఇళ్లు ఉంటాయి. ఏ అప్పు ముందు, ఏది ఆగగలదు, బ్యాంకులో రీషెడ్యూలుకు ఎవరిని కలవాలి, ఇవన్నీ చెప్పగలిగితే అదీ మనసుకు మందే. ఆ పని ఏఈవో చేయగలడు.

తర్వాతి ప్రశ్న దగ్గర అందరూ జంకుతారు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని అడగాలి, తిన్నగా, మామూలు గొంతుతో. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు, అది నిజం కాదు. అప్పటికే ఆ ఆలోచనతో సతమతమవుతున్న మనిషికి అడిగినవాడు దొరకడమే ఊరట. అవునంటే ఒంటరిగా వదలకూడదు, పురుగుమందు ఇంట్లో ఉంచకూడదు, అదే రోజు డాక్టరుతో మాట్లాడించాలి. ధైర్యంగా ఉండాలి, పిల్లల మొహం చూడాలి అనే ఉపన్యాసాలు మాత్రం వద్దు. అవి అతనికి కంఠతా వచ్చు, రోజూ తనకు తానే చెప్పుకుంటున్నాడు.

మందుల మాట. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డిప్రెషన్ గోలీలు ఏడాది పొడవునా ఉండేలా చూడండి. అవి పనిచేయడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. ఆ సంగతి చెప్పేవాళ్లు లేక పది రోజులకే గుణం లేదని ఆపేస్తారు. ఏటూరునాగారం నుంచి హనుమకొండకు దాదాపు వంద కిలోమీటర్లు, నెలనెలా గోలీల కోసం అంత దూరం ఎవరొస్తారు? ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం పుణ్యమా అని భార్యకు బస్సు టికెట్ లేదు, రోగి అయిన భర్తకు ఉంది, ఇద్దరికీ కలిపి రెండు కూలిరోజులు పోతాయి.

అన్ని జాబితాల కన్నా ముందు చూడవలసింది ఇంకొకటి ఉంది. ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడ్డవాళ్లు. వరంగల్‌లోని పెద్ద ప్రభుత్వ దవాఖాన ఎంజీఎంకు ఆరు జిల్లాల నుంచీ, అవతలి జిల్లాల నుంచీ వస్తారు. ఇంటికి వెళ్లిన తర్వాతి నెలలే అత్యంత ప్రమాదకరమైనవి. నేనెరిగిన అలాంటి ఇళ్లలో, తర్వాత ఎలా ఉన్నారని ఒక్క ఫోన్ వచ్చిన ఇల్లు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో చేసిన అధ్యయనం 2008లో వెలువడింది, అందులో మన చెన్నై ఒకటి. ఆస్పత్రిలో గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడారు, తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేశారు లేదా ఇంటికి వెళ్లారు. ఇంతే చేశారు. మామూలు వైద్యంతో వదిలేసినవాళ్లలో ఆత్మహత్యతో పోయినవారు 2.2 శాతం, ఇలా పలకరించినవాళ్లలో 0.2 శాతం. ఇంత చవకైన ప్రాణరక్షణ ఇంకేదైనా ఉంటే నాకు చూపించండి.

కుటుంబాలు దాచిపెడతాయి, పురుగుమందు పొరపాటున తాగాడని రాయిస్తాయి, కేసవుతుందన్న భయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షనే పోయింది. ఊళ్లో ఎంతమందికి తెలుసు? కొందరు కానిస్టేబుళ్లకే తెలియదు. అదే 115వ సెక్షన్ రెండో భాగంలో, అలాంటి మనిషికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించి మళ్లీ ప్రయత్నించే ప్రమాదాన్ని తగ్గించడం ప్రభుత్వ బాధ్యత అని ఉంది. కాబట్టి నేను దయ అడగడం లేదు, చట్టంలో ఉన్నది అడుగుతున్నాను.

పిల్లల విషయం. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం నడుమ రాష్ట్రంలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల రోజు తల్లిదండ్రులకు ఏం చెప్పాలో ఆ రోజు చెబితే చాలదు. ఫలితాలకు వారం ముందే కళాశాల నుంచి ఇంటికి ఫోన్ వెళ్లాలి, తప్పినవాళ్లకు ఆ సాయంత్రం మళ్లీ వెళ్లాలి. ర్యాంకుల ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో ఇది ఏపాటి?

ఇప్పుడు మీ అభ్యంతరాలకు వస్తాను. జాబితా వల్ల ముద్ర పడుతుందంటారు, నిజమే. అందుకే ఈ సందర్శనకు మానసికం అన్న మాట తగిలించకండి. పంట నష్టం పరామర్శ అనండి, వరద పరామర్శ అనండి. ఇంట్లో విన్నది కాగితం మీద పెట్టనక్కర్లేదు, పెట్టినది సర్పంచికీ ఎస్సైకీ చేరకూడదు. రైతుల సమావేశాలకు కట్టిన రైతువేదికలున్నాయి, రాష్ట్రంలో 2,601 కట్టారు, నేను చూసినవాటిలో చాలావాటికి వారంలో ఎక్కువ రోజులు తాళమే. మంగళవారం రైతునేస్తం వీడియో కార్యక్రమం కోసం తెరిచినప్పుడు వెనక గదిలో ఒక నర్సును కూర్చోబెట్టి బీపీ చూడమనండి. బీపీ చూపించుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. చేతికి పట్టీ చుట్టి ఉన్న ఆ కాస్త సేపట్లో అడగవలసింది అడగవచ్చు.

దయచేసి దీనికోసం ఇంకో యాప్ చేయించకండి. ఇప్పటికే ఏఈవో పొలంలో పంటను కాదు, ఫోనులో పంట నమోదును చూస్తున్నాడు. బాధ చెప్పుకుంటున్న మనిషి ఎదురుగా ఫొటో తీసి అప్‌లోడ్ చేయమంటే ఆ పరామర్శ మళ్లీ పాత విచారణే అవుతుంది. నెలకోసారి మండలంలో ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఎంతమందిని దవాఖానకు పంపారు, వాళ్లలో ఎంతమంది వెళ్లారు, ఈ మూడు అంకెలు ఒక తెల్లకాగితం మీద రాస్తే చాలు.

నిధులు లేవంటారా, ఒక్కో జిల్లాలో ఒక్క మండలంతో మొదలుపెట్టండి. ఏ మండలమో మీ ఇష్టం. నర్సంపేట వైపు ఎంచుకుంటే ఊళ్లలో మాట వినగల మనుషులను వెతికి పెట్టే పని నేను చేస్తాను, భత్యం అక్కర్లేదు. పంట నష్టం లెక్కింపు ఫారంలో, నష్టశాతం గడి పక్కన, ఇంటికి వెళ్లి కలిసిన తేదీ అని ఒక గడి పెట్టించండి. అది కలెక్టర్ స్థాయిలో ఒక్క సంతకంతో అయ్యే పని, హైదరాబాద్ దాకా వెళ్లనక్కర్లేదు.

ఈ లేఖ ప్రతులను ఆరు జిల్లాల వైద్యారోగ్య, వ్యవసాయ అధికారులకూ పంపుతున్నాను. వచ్చే పంట నష్టం లెక్కింపు మొదలయ్యేలోపు జవాబు రాకపోతే సోమవారం ప్రజావాణి వరుసలో నిలబడి ఇదే కాగితం మళ్లీ ఇస్తాను. అక్కడ రసీదు ఇస్తారు కదా.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యవసాయ అధికారి,
నర్సంపేట ప్రాంతం, వరంగల్ జిల్లా